ల్యాప్‌టాప్ బోర్డు ఆన్ కావట్లేదా? చిప్పు పీకే ముందు కీబోర్డు పీకండి

బోర్డు పోయింది అని చెప్పించుకుని నా టేబుల్ మీదికి వచ్చే ల్యాప్‌టాపుల్లో చాలా వాటికి బోర్డు నిక్షేపంలా ఉంటుంది. పోయింది ఇంకేదో ఉంటుంది, ఛార్జరో, ర్యామో, కీబోర్డో. కానీ చేతిలో హాట్ ఎయిర్ గన్ ఉందంటే చెయ్యి ముందు చిప్పు మీదికే పోతుంది, ఏం చేస్తాం. ఇది ల్యాప్‌టాప్ విప్పడం వచ్చినోళ్ళ కోసం రాస్తున్నా. మల్టీమీటర్ పట్టుకోవడం, అంతో ఇంతో సోల్డరింగ్ తెలుసనే అనుకుంటున్నా, స్క్రూలు ఎట్లా తీయాలో ఇక్కడ చెప్పను.

ఏ లక్షణంతో వచ్చినా సరే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఎవరూ చెయ్యరు. ఛార్జర్ తీసేయండి, లోపల బ్యాటరీ కనెక్టర్ బోర్డు నుంచి పీకేయండి, పవర్ బటన్ ఒక అర నిమిషం నొక్కి పట్టుకుని వదలండి, తర్వాత బ్యాటరీ లేకుండా ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. పవర్ బటన్, ఛార్జింగ్, కీబోర్డు ఇవన్నీ చూసుకునే చిప్పు ఒకటి ఉంటుంది, ఈసీ అంటాం, కొంతమంది ఎస్ఐఓ అంటారు, అది అప్పుడప్పుడు మధ్యలో బిగుసుకుపోతుంది, కరెంటు పూర్తిగా పోతే గానీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టదు. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి దానికి కరెంటు ఎప్పుడూ పూర్తిగా పోదు, అదీ సంగతి. ఇంత చిన్న పనితో లేచి కూర్చున్నవి చాలా ఉన్నాయి, దానికి వేలకు వేలు ఎస్టిమేట్ రాయించుకుని వచ్చినోళ్ళూ ఉన్నారు.

లేవకపోతే రెండో పని, హీట్‌సింకూ ఫ్యానూ ఒక ర్యామూ తప్ప బోర్డుకు తగిలించిన ప్రతిదీ పీకాల. ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు, డిస్‌ప్లే కేబుల్, టచ్‌ప్యాడ్, పక్కన యూఎస్‌బీ ఉండే చిన్న బోర్డు కేబుల్, కీబోర్డు, అన్నీ. ఉట్టి బోర్డు మీద టెస్ట్ చేయకుండా బోర్డు గురించి ఒక్క మాట కూడా అనొద్దు.

లైటు కూడా వెలగదు, పూర్తిగా డెడ్

ఛార్జర్ నుంచి మొదలుపెట్టండి. మీటర్ పెడితే 19 వోల్టులు చూపించింది కదా అంటారు, లోడ్ లేనప్పుడు చచ్చిన ఛార్జర్ కూడా 19 చూపిస్తుంది, బోర్డు కరెంటు లాగిన మరుక్షణం పడిపోతుంది. బాగున్న ఇంకో ఛార్జర్ పెట్టి చూడడం తప్ప దీనికి షార్ట్‌కట్ లేదు. డెల్ ఛార్జర్‌లో అయితే నడుమ సన్న పిన్ను ఉంటుంది చూడండి, ఇది ఎన్ని వాట్ల ఛార్జరో బోర్డుకు చెప్పేది ఆ పిన్నే. ఆ పిన్ను వంగినా విరిగినా ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది కానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది.

టైప్-సీ ఛార్జింగ్ మోడల్ అయితే మధ్యలో యూఎస్‌బీ మీటర్ ఒకటి పెట్టండి, పవర్ డెలివరీకి (పీడీ అంటాం, ఎన్ని వోల్టులు కావాలో ఛార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకునే పద్ధతి) పనికొచ్చేది తీసుకోండి. ముందు 5 వోల్టులు వచ్చి తర్వాత 20కి ఎక్కాల. 5 దగ్గరే ఆగిపోయిందంటే ఛార్జరూ బోర్డూ మాట్లాడుకోవట్లేదు, ఛార్జరన్నా కేబులన్నా పోర్టు పిన్నులన్నా పోయుండాల, చివర్న అనుమానించాల్సింది ఆ మాటలు చూసుకునే పీడీ కంట్రోలర్ చిప్పు. ఫోన్ ఛార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదని వచ్చినోళ్ళ గురించి ఇంకేం చెప్పను.

ఛార్జర్ బాగుంటే బోర్డు మీద జాక్ దగ్గర నుంచి 19 వోల్టులు ఎక్కడిదాకా నడుస్తున్నాయో వెంట పోవడమే. జాక్ తర్వాత రెండు మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటును వదిలే, ఆపే స్విచ్చుల్లాంటివి, ఉంటాయి, వాటి తర్వాత లావుపాటి కరెంట్ సెన్స్ రెసిస్టర్, అది దాటితే మెయిన్ లైన్. పవర్ ఇవ్వకుండా ఆ రెసిస్టర్ నుంచి గ్రౌండ్‌కు ఓమ్స్‌లో కొలవండి, ఒకటి రెండు ఓమ్స్ చూపించిందంటే మెయిన్ లైన్ షార్ట్. చాలాసార్లు ఒక సిరామిక్ కెపాసిటర్ చీలి షార్ట్ అయ్యుంటుంది, ల్యాప్‌టాప్ ఒక్కసారి కింద పడినా చాలు దానికి. షార్ట్ ఎక్కడుందో దొరకాలంటే డీసీ సప్లై 1 వోల్టు దగ్గర పెట్టి ఆ లైన్‌కు ఇవ్వండి, కరెంట్ లిమిట్ నిమ్మళంగా పెంచండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి పెడితే ఎక్కడ ముందు ఆరిపోతే అక్కడే. థర్మల్ కెమెరా ఉంటే ఇంకా సుఖం. 19 మాత్రం గుచ్చొద్దు, మెయిన్ లైన్ షార్ట్ అయినప్పుడు అది ఏదో మాస్‌ఫెట్ దాటి ప్రాసెసర్ లైన్‌లోకి పోతుంటే మీరే ప్రాసెసర్‌ను చంపినోళ్ళు అవుతారు.

ఇక్కడే ఇంకో మాట. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే కాయిల్స్ మీద బజర్ పెట్టి "కీయ్" మంది, ప్రాసెసర్ షార్ట్ అన్నా అని ఫోన్ చేస్తారు. ఆ లైన్ మామూలుగానే ఓమ్‌కు అటూ ఇటూ ఉంటుంది, బాగున్న బోర్డులో కూడా బజర్ మోగుతుంది. అది షార్ట్ కాదు సామీ.

లైటు వెలుగుతుంది, బటన్ నొక్కితే చలనం లేదు

అసలు ఇది రాయడం మొదలుపెట్టిందే దీని కోసం.

ఛార్జింగ్ లైటు వస్తుంది, బ్యాటరీ ఎక్కుతున్నట్టు కూడా చూపిస్తుంది, బటన్ నొక్కితే మాత్రం చెట్టుకు చెప్పినట్టే. లేదా దీనికే ఇంకో రూపం, ఛార్జర్ పెట్టగానే తనంతట తనే ఆన్ అయి కొన్ని సెకన్లలో ఆఫ్ అయిపోతుంది, మళ్ళీ అదే. ఇట్లాంటి బోర్డులు నా దగ్గరికి వచ్చేసరికి ఈసీ మార్చేసి ఉంటారు, బయాస్, అంటే బోర్డును మొదట లేపే ప్రోగ్రాం, మూడు రకాల ఫైళ్ళతో రాసి ఉంటారు, కొన్నింటికి చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ నుంచి చిప్పు తెప్పించి రీబాల్ కూడా, అంటే చిప్పు కింద సోల్డర్ గోళీలు కొత్తగా పెట్టి అతికించడం, చేయించి ఉంటారు. చివరికి చూస్తే అసలు దొంగ కీబోర్డే.

ఎట్లాగంటే, ఇప్పుడొచ్చే సన్న ల్యాప్‌టాపుల్లో పవర్ బటన్ వేరే ఉండదు, చాలా మోడళ్ళలో కీబోర్డులోనే కుడి పైమూల డిలీట్ పక్కన ఒక కీగా పెట్టేస్తారు. ఆ బటన్ వైరు కీబోర్డు రిబ్బన్‌లోనే కలిసి బోర్డు మీదికి, అక్కడి నుంచి ఈసీ దాకా పోతుంది. ఆ లైన్‌ను ఒక రెసిస్టర్ 3.3 వోల్టుల దగ్గర పైకి లాగి పట్టుకుని ఉంటుంది, మీరు బటన్ నొక్కితే అది గ్రౌండ్‌కు తగిలి సున్నా అవుతుంది, ఈసీ ఆ పడిపోవడాన్ని చూసి "ఓహో నొక్కినారు" అనుకుని బోర్డును లేపుతుంది. ఆ లైన్ ఏదో కారణంతో ఎప్పుడూ కిందే పడి ఉంటే కొత్తగా పడిపోయేదేముంది, కాబట్టి మీరు ఎంత నొక్కినా ఈసీకి తెలియదు. లేదంటే పవర్ ఇచ్చిన క్షణం అదే నొక్కినట్టు లెక్కేసుకుని ఆన్ చేస్తుంది, ఆ తర్వాత ఇంకా నొక్కి పట్టుకునే ఉన్నారని బలవంతపు షట్‌డౌన్ కొట్టేస్తుంది. ఇంటెల్ చిప్‌సెట్‌లో బటన్ 4 సెకన్లు పట్టుకుంటే ఆఫ్ అవ్వాలనే రూలు ముందునుంచీ ఉంది, చాలా బోర్డుల్లో ఈసీ కూడా తన లెక్క తను పెట్టుకుంటుంది.

ఆ లైన్‌ను కింద పడేసేది ఏంది? టీ. కీబోర్డు లోపల పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటి మీద గీతలు గీసినట్టు కరెంటు దారులు ఉంటాయి. టీ చుక్క ఒక్కటి లోపలికి పోయిందా, నీళ్ళు ఆరిపోతాయి గానీ చక్కెర, అందులోని ఉప్పులు అక్కడే అంటుకుని ఉంటాయి. మా తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) హాస్టళ్ళలో పిల్లోళ్ళు మంచం మీద ల్యాప్‌టాపు, దాని పక్కనే గ్లాసు పెట్టుకుని చదువుతారు, ఇంక చెప్పేదేముంది. అడిగితే మాత్రం "అయ్యో ఏమీ పడలేదన్నా" అంటారు. నేను ఆ ప్రశ్న అడగడం మానేసినా, కీబోర్డు పీకి వెనకాల టార్చి కొట్టి చూస్తా.

ఇప్పుడు ఇది ఎందుకు దొరకదో వినండి, ఇదే అసలు కిటుకు. టీ మరక పూర్తి షార్ట్ కాదు, లీకేజీ. మీటర్‌లో బజర్ మోగాలంటే కొన్ని పదుల ఓమ్స్ లోపు ఉండాల. ఈ మరక పది వేల ఓమ్స్‌తో కూర్చుని ఉంటుంది, బజర్ పెడితే మోగదు, కాబట్టి "కీబోర్డు లైన్ క్లీన్‌గా ఉంది" అని ముందుకు పోతారు. కానీ పైకి లాగే రెసిస్టర్ లక్ష ఓమ్స్‌ది అనుకోండి, మరక పది వేల ఓమ్స్ అనుకోండి, లైన్ మీద మిగిలేది 3.3లో పదకొండో వంతు, అంటే 0.3 వోల్టు. ఈసీకి అది నొక్కిన బటనే. మోటరు బాగానే నీళ్ళు తోడుతున్నా పైపుకు చిల్లు పడితే ట్యాంకు నిండనట్టు, రెసిస్టర్ తన పని తను చేస్తూనే ఉంటుంది, వోల్టేజీ మాత్రం నిలవదు.

మరక లక్ష ఓమ్స్ దగ్గర ఉంటే ఇంకా ఘోరం, లైన్ సగం దగ్గర, 1.65 వోల్టుల మీద వేలాడుతుంది, ఒకసారి ఆన్ అవుతుంది, ఒకసారి కాదు. గాలిలో తేమ పెరిగితే లీకేజీ పెరుగుతుంది. అందుకే మన దగ్గర మే నెలలో నలభై డిగ్రీల ఎండలో శుభ్రంగా పనిచేసిన ల్యాప్‌టాప్ నవంబరు ముసురు పట్టగానే మొరాయిస్తుంది, షాపులో ఏసీ కింద పెడితే ఆన్ అవుతుంది, ఇంటికి తీసుకుపోతే కాదు. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు నీళ్ళలో మునిగినవి ఎట్లాగూ పోయినాయి, కానీ నీళ్ళే తగలకుండా పైఅంతస్తులో గోడ పక్కన ఉండి తేమకు ఇట్లా పిచ్చిపట్టినవి వేరే ఉన్నాయి. కస్టమర్ "ఒక్కోసారి వస్తాదన్నా, ఒక్కోసారి రాదు" అంటే డ్రై సోల్డర్ అని, అంటే సోల్డర్ సరిగ్గా పట్టలేదని, చిప్పు కాల్చకండి, ముందు ఇది చూడండి.

చూసే పద్ధతి. కీబోర్డు రిబ్బన్ తగిలించే ఉంచి, ఛార్జర్ ఇచ్చి, పవర్ బటన్ పిన్ను దగ్గర వోల్టేజీ కొలవండి. ఏ పిన్నో బోర్డు వ్యూలోనో (బోర్డు మీద ఏది ఎక్కడుందో చూపే ఫైలు) స్కీమాటిక్‌లోనో (సర్క్యూట్ బొమ్మ) చూసుకోండి, అంచనాతో వద్దు, ఆ కనెక్టర్‌లో బ్యాక్‌లైట్ 5 వోల్టుల పిన్ను కూడా ఉండొచ్చు. 3.3కు దగ్గరగా ఉంటే కీబోర్డు మీద నింద వెయ్యొద్దు. 3 కంటే కిందికి ఏమాత్రం జారినా అనుమానమే. ఇప్పుడు ఛార్జర్ తీసి, రిబ్బన్ పీకి, మళ్ళీ ఛార్జర్ ఇచ్చి అదే పిన్ను కొలవండి. ఠక్కున 3.3కు లేచిందా, దొంగ దొరికినాడు. అట్లాగే ఉంచి ఆ పిన్నును సన్న ట్వీజర్‌తో పక్క గ్రౌండ్‌కు ఒక్క క్షణం తాకించండి, బోర్డు లేస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మీ చేతిలో ఉన్న రీబాలింగ్ స్టెన్సిల్ పక్కన పెట్టెయ్యొచ్చు.

రిబ్బన్ పీకినా లైన్ కిందే ఉందంటే లీకేజీ బోర్డు మీద ఉంది. అప్పుడు కూడా ఈసీ మీదికి పోవద్దు, ముందు కీబోర్డు కనెక్టరే చూడండి, టీ అక్కడిదాకా కారి ఉంటుంది, పిన్నుల మధ్య పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తుంది. 99 శాతం ఆల్కహాల్, మెత్తటి బ్రష్, బాగా తోమి ఆరనివ్వండి, ఫ్లక్స్ మిగిలిపోయి ఉన్నా అదే పని చేస్తుంది కాబట్టి ఇంతకు ముందు ఎవరన్నా సోల్డర్ చేసిన చోటల్లా కడగండి. తర్వాత ఆ లైన్ మీద కనెక్టర్ పక్కనే ఒక చిన్న కెపాసిటరో, స్టాటిక్ నుంచి కాపాడే డయోడో ఉంటుంది, అది తీసేసి కొలవండి, టెస్టింగ్‌కు అది లేకపోయినా బోర్డు నడుస్తుంది. ఇవన్నీ అయినాక కూడా లైన్ లేవకపోతేనే ఈసీ.

కీబోర్డే అని తేలితే మార్చడమే, కడిగి వాడే ఆశలు పెట్టుకోవద్దు, షీట్ల మధ్యలోకి బ్రష్ పోదు, కడిగితే మరక ఇంకా లోపలికి పాకుతుంది. సన్న మోడళ్ళలో కీబోర్డును పై కేసుకు ప్లాస్టిక్ కరిగించి అతికించి ఉంటారు, ఆ మొటిమలన్నీ గీకి తీసి, కొత్తది పెట్టి మళ్ళీ అతికించడం అంటే ఒక పూట పని, ఓపిక లేకపోతే పై కేసుతో కలిపే తెప్పించండి. పరీక్షలున్నాయి ఈ పూటకే కావాలని వచ్చిన పిల్లోళ్ళకు ఒక దారుంది, కొన్ని లెనోవో మోడళ్ళలో మూత తెరిస్తే ఆన్ అయ్యే ఆప్షన్ బయాస్‌లో ఉంటుంది, ఫ్లిప్ టు స్టార్ట్ అని. ట్వీజర్‌తో ఒకసారి ఆన్ చేసి, యూఎస్‌బీ కీబోర్డుతో బయాస్‌లోకి పోయి అది పెట్టేసి, పాత కీబోర్డు రిబ్బన్ పీకేసి పంపిస్తా.

పవర్ బటన్ విడిగా ఉన్న మోడళ్ళలోనూ కథ ఇదే, చిన్న బటన్ బోర్డూ దాని రిబ్బనూ ఉంటాయి, కాకపోతే పని సులువు. బటన్ లైన్ బాగుండి, నొక్కినప్పుడు సున్నాకు పడి మళ్ళీ లేస్తూ ఉండి, అయినా బోర్డు లేవకపోతే అప్పుడు 3 వోల్టు, 5 వోల్టు ఎప్పుడూ ఉండే లైన్లు చూడండి. అవి తయారుచేసే ఐసీ, టీపీఎస్ 51225 లాంటిది, దాని ఎనేబుల్ పిన్నులకు సిగ్నల్ వస్తుందా చూసి, రాకపోతే ఎందుకు రావట్లేదో వెనక్కి పోండి, వచ్చి కూడా ఔట్‌పుట్ లేకపోతే ఐసీ మార్చండి. సీమాస్ బ్యాటరీ, అంటే బోర్డు గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ, కూడా ఒకసారి తీసి కొలవండి, కొత్త సీఆర్ 2032 3 వోల్టులు చూపించాల, 2.5కు పడిపోయింది ఉంచుకుని ఏం లాభం, ఇరవై ముప్పై రూపాయలు.

ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది

ముందు ర్యామ్. ఒక ర్యామ్, ఒక స్లాట్, తర్వాత అదే ర్యామ్ ఇంకో స్లాట్, తర్వాత ఇంకో ర్యామ్. బంగారు పళ్ళను రబ్బరుతో రుద్ది ఆల్కహాల్‌తో తుడవండి. డీడీఆర్ 5 బోర్డులకు ఒక జబ్బుంది, సీమాస్ తీసినాక, ర్యామ్ మార్చినాక మొదటిసారి ఆన్ చేస్తే అది ర్యామ్‌ను ట్రెయినింగ్ చేసుకుంటుంది, కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మనోళ్ళు పది సెకన్లు చూసి రాలేదని ఆఫ్ చేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ ఆఫ్ చేస్తారు. ఆన్ చేసి పోయి టీ తాగి రండి, ల్యాప్‌టాప్‌కు దూరంగా.

డెల్‌లో లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి, పసుపు రెండు తెలుపు మూడు అంటే ర్యామ్ కనిపించట్లేదని, రెండు ఏడు అంటే స్క్రీన్ అని, మూడు ఒకటి అంటే సీమాస్ బ్యాటరీ అని అదే నోరు తెరిచి చెప్తా ఉంటుంది. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు కొట్టుకుంటుంది, మోడల్ మాన్యువల్లో దాని అర్థం ఉంటుంది.

బయట మానిటర్‌కు హెచ్‌డీఎంఐ పెడితే బొమ్మ వస్తుందంటే బోర్డు బాగుంది, డిస్‌ప్లే కేబులో, స్క్రీనో, బ్యాక్‌లైట్ ఫ్యూజో. మూత సెన్సర్ కూడా ఒకటుంది, అయస్కాంతంతో పనిచేస్తుంది, టేబుల్ మీద బోర్డు పక్కన స్పీకర్ పెట్టుకుని టెస్ట్ చేస్తే మూత మూసినట్టే అనుకుని బొమ్మ ఇవ్వదు.

అప్పుడు బయాస్. ప్రోగ్రామర్ (బయాస్ చిప్పును చదివి రాసే పరికరం) తగిలించే ముందు కంపెనీ పెట్టిన దారి వాడండి, హెచ్‌పీలో విండోస్ కీ, బీ కలిపి పట్టుకుని పవర్ బటన్ నొక్కాల, డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని ఛార్జర్ పెట్టాల, ఫ్యాట్ 32 పెన్‌డ్రైవ్‌లో ఆ మోడల్ ఫైలు ఉండాల. అది కాకపోతేనే చిప్పు తియ్యండి. తీసినాక మొదటి పని పాతది చదివి దాచుకోవడం, రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళూ ఒకటేనా పోల్చి చూడండి. చిప్పు నంబరు చూసుకోండి, కొన్ని 1.8 వోల్టులవి, వాటికి అడాప్టర్ లేకుండా 3.3 ఇస్తే అంతే సంగతులు. ఆ నల్ల సీహెచ్ 341ఏ ప్రోగ్రామర్లు చాలావాటిలో డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి, అది సరిచేసుకోకుండా వాడొద్దు. వేరే ల్యాప్‌టాప్ ఫైలు అట్లాగే రాసేస్తే సీరియల్ నంబరు, విండోస్ కీ పోతాయి, అదే ఫైలులో ఉండే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ భాగం పొసగకపోతే ఆన్ అయినా అరగంటకు దానంతట అదే ఆఫ్ అవుతుంది. ఆ అరగంట షట్‌డౌన్‌ను వేడి సమస్య అనుకుని హీట్‌సింక్ మార్చినోళ్ళు కూడా ఉన్నారు.

మిగతావి

32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ పోవడం ఉంటుంది, అరుదు. ప్రాసెసర్ లోపలే షార్ట్ అవడం ఉంటుంది, అప్పుడు రిపేరు లెక్క తేలదు. రీబాలింగ్ అంటారా, 2008 ప్రాంతంలో ఎన్విడియా గ్రాఫిక్ చిప్పులు కుప్పలుగా పోయినప్పుడు అందరికీ ఆ అలవాటు పట్టింది, అప్పుడు కూడా పోయింది చిప్పు లోపలి అతుకులు, కింద బాల్స్ కాదు, వేడి చేస్తే కొన్నాళ్ళు నడిచేది అంతే. నీళ్ళలో మునిగి తుప్పు పట్టినవి, కింద పడి బోర్డే విరిగినవి తప్ప రీబాలింగ్ మొదటి మాటగా ఎవరు చెప్పినా ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చెయ్యండి.

బోర్డే మార్చాల్సి వస్తే మాత్రం పాతది తీసేముందు కస్టమర్‌ను బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగండి. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, విండోస్ 11లో చాలామందికి తమ డిస్క్ లాక్ అయి ఉందనే తెలియదు, కొత్త బోర్డు వేసి ఎస్ఎస్‌డీ పెట్టగానే నీలం స్క్రీన్ మీద 48 అంకెలు అడుగుతుంది, అప్పుడు వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు.